ప్లేగు మర్మమును ఛేదించిన పాల్ లూయీ సిమొండ్

ఎలుక పడినదను మాట యొకప్పుడు బళ్లారి, అనంతపురము మండలములలో మరణవార్తతో సమానముగ నుండెను. దూలము మీదినుండి యొక యెలుక తూలి క్రిందబడి, గిరగిర తిరిగి చచ్చెనా, ఆ యింటివారు పొయ్యి మీది కుండను దింపక, పిల్లలను చంకనెత్తుకొని, ఊరి వెలుపలి చేలలోనికి పోయి గుడిసెలు వేసికొనెడివారు. మూసిన తలుపుల నడుమ వీధులలో కుక్కలు మాత్రమే తిరుగుచుండెడివి. కొందరు మారెమ్మకు మ్రొక్కుకొనిరి, కొందరు కర్మమనిరి, కొందరు గాలి చెడినదనిరి. దూలము మీద చచ్చిన యెలుకకును, మంచము మీద పడిన మనుష్యునకును నడుమ మృత్యువు ఏ దారిని నడచివచ్చినదో మాత్ర మెవ్వరికిని తెలియదు. ఆ దారిని కనుగొన్నవాడు పాల్ లూయీ సిమొండ్ అను ఫ్రెంచి వైద్యుడు. ఆయన దానిని కనుగొన్నది తన దేశమునగాక, నాటి భారతదేశమున. కనుగొన్న పిమ్మట లోకము దానిని నమ్ముటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టెను. ఆ జాగునకు మూల్యము చెల్లించినవారు ఈ దేశపు బీదజనులు. అందుచేత ఆయన చరిత్రము పల్లెప్రజలు తెలిసికొనదగినది.

సిమొండ్ 1858వ సంవత్సరము జూలై 30వ తేదీన ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగమున, ద్రోమ్ మండలములోని బోఫోర్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి ప్రొటెస్టెంటు క్రైస్తవుల మతగురువు. బాలుడు పెరిగి బోర్డో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. చదువు ముగియకమునుపే, 1882లో, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకు పోయి అచ్చటి కుష్ఠురోగుల యాశ్రమమును నిర్వహించెను. అది దట్టమైన యడవులు, దోమలు, విషజ్వరములు గల సీమ. అక్కడ ఆయనకు పసుపుజ్వరము సోకి, ప్రాణాపాయము లేకుండ తగ్గెను. నాలుగు సంవత్సరములు రోగుల నడుమ గడిపి 1886లో స్వదేశమునకు మరలెను. మరుసటి సంవత్సరము కుష్ఠువ్యాధిని గూర్చి వ్రాసిన సిద్ధాంత గ్రంథమునకు వైద్యపట్టమును పొందెను. పుస్తకములలో చదివినదానికంటె రోగి ప్రక్కన కూర్చుండి చూచినదే గొప్ప పాఠమని ఆ నాలుగు సంవత్సరములు ఆయనకు నేర్పెను.

పిదప ఆయన తన దేశపు వలసరాజ్యముల వైద్యశాఖలో చేరి ఇండోచైనాకును, చైనా సరిహద్దులకును పోయెను. ఆ సరిహద్దు మండలములలో ప్లేగు పూర్వమునుండియు అడపాదడపా తలయెత్తుచుండెను. 1895లో సిమొండ్ పారిసు నగరమునకు వచ్చి, పాశ్చరు మహాశయుని పేర వెలసిన సంస్థలో ప్రవేశించి, మెచ్నికోఫ్ అను మహాశాస్త్రజ్ఞుని పరిశోధనశాలలో పనిచేసెను. జంతువుల ప్రేవులలో బ్రతుకు కాక్సీడియా అను సూక్ష్మజీవుల సంతానక్రమమును గూర్చి అచ్చట ఆయన చేసిన పరిశోధన పండితుల మెప్పు పొందెను. ఒక ప్రాణి మరియొక ప్రాణిపై నాధారపడి యెట్లు బ్రతుకును, దానినుండి వేరొకదానికి ఎట్లు పోవును అను విషయము నాటినుండి ఆయన మనస్సులో నాటుకొనెను. పరాన్నభుక్కుల బ్రతుకు తెరువును కనిపెట్టుటకు తగిన యోర్పు ఆ పరిశోధనశాలలోనే అలవడెను.

ఇంతలో తూర్పుదేశములలో మహోపద్రవము పుట్టెను. 1894లో హాంగ్‌కాంగ్ నగరమున ప్లేగు విజృంభించెను. పాశ్చరు శిష్యులలోనివాడైన యెర్సిన్ అచ్చటికి పోయి, రోగుల గడ్డలలో ప్లేగు సూక్ష్మజీవిని కనుగొనెను. చచ్చిన యెలుకలలోను అదే జీవి యున్నదని చూపెను. అప్పటికే జపాను పండితుడు కిటసాటో కూడ ఆ నగరమున నిదే పరిశోధనలో నుండెను. 1896 సెప్టెంబరులో వ్యాధి బొంబాయి నగరమున కనబడెను. లక్షలకొలది జనులు నగరమును విడిచి పారిపోయిరి. వారితోబాటు వ్యాధియు నలుదెసలకు పోయెను. ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టమును చేసి, ఇండ్లలో జొరబడి సోదాలు జరిపించెను. రోగులను ఆసుపత్రులకును, బంధువులను శిబిరములకును తరలించెను. పూనాలో ఈ సోదాలు ప్రజలకు దుస్సహములయ్యెను. ప్లేగు అధికారి ర్యాండ్ 1897 జూన్ నెలలో కాల్పులకు గురియయ్యెను. అదే పూనాలో అదే సంవత్సరమున, బాలికల విద్యకై జీవితమును ధారపోసిన సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు తానును ఆ వ్యాధికి బలియయ్యెను. బొంబాయిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు టీకామందును తయారుచేసి, 1897 జనవరిలో మొదట తన శరీరమునకే యెక్కించుకొనెను.

ఇన్ని జరిగినను మూలప్రశ్నకు సమాధానము లేకుండెను. వ్యాధికి కారణమైన జీవి తెలిసినది. ఎలుకలకు కూడ ఆ వ్యాధి వచ్చునని తెలిసినది. ఎలుకలు పడిన తరువాత మనుష్యులు పడుదురను సంగతి సామాన్యజనులకు తరతరములుగ తెలిసినదే. హిమాలయ ప్రాంతమైన గఢవాల్ కొండలలోని పల్లెవారు ఎలుకలు చచ్చుట చూచినంతనే ఊళ్లు విడిచెడివారు. జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రమున, 17వ శతాబ్దిలో ఆగ్రా ప్రాంతమున వచ్చిన మహామారిని వర్ణించుచు, త్రాగినదానివలె తూలి పడిన యెలుకను గూర్చి చెప్పియున్నాడు. అయినను ఎలుకనుండి మనుష్యునకు వ్యాధి చేరు మార్గమును గూర్చి వైద్యులు తలకొక మాట చెప్పిరి. నేలలోని మురికి యనిరి, ధాన్యపు దుమ్మనిరి, ఎలుక ముట్టిన యాహారమనిరి, కాలి గాయములలోనుండి ప్రవేశించుననిరి. ఆ నమ్మకముతో ఇండ్లను, కాలువలను మందునీళ్లతో కడిగించిరి. ఆ కడుగుటచే ఎలుకలు చెదరి ప్రక్కయిండ్లలోనికి పోయెను. వాటితో వ్యాధియు పోయెను.

అట్టి సమయమున, 1897లో, సిమొండ్ పాశ్చరు సంస్థ పంపున బొంబాయికి వచ్చెను. యెర్సిన్ తయారుచేసిన ప్లేగు సీరమును రోగులకిచ్చి పరీక్షించుట ఆయనకు నియమింపబడిన పని. సీరము ఆశించినంత ఫలము నీయలేదు. సిమొండ్ తన పనిని తాను చేయుచునే, తనకెవ్వరును అప్పగింపని మరియొక పనిని గూడ చేసెను. బొంబాయిలోను, కచ్ దేశపు మాండ్వీ రేవులోను, పిదప కరాచీలోను రోగుల యిండ్లకు స్వయముగా పోయి, వ్యాధి యెట్లు మొదలైనది, ఇంట ఎలుకలు పడినవా, పడినచో వాటిని ఎవరు తీసి పారవైచిరి, ఎంతసేపటికి తీసిరి అని విచారించెను.

ఆ విచారణలో కొన్ని విషయములు ఆయనకు వింతగా తోచెను. ఒక ఉన్ని కార్ఖానాలో ఒకనాటి ఉదయమున నేలపై అనేకములైన యెలుకలు చచ్చిపడి యుండగా, ఇరువదిమంది కూలీలచే వాటిని తీయించిరి. మూడు దినములలో వారిలో పదిమందికి ప్లేగు వచ్చెను. ఆ యెలుకలను ముట్టని తక్కిన పనివారి కెవ్వరికిని రాలేదు. అట్లని చచ్చిన యెలుక యెల్లప్పుడు అపాయకరము గాదు. అప్పుడే చచ్చి ఒడలు వెచ్చగానున్న యెలుకను ముట్టినవారికి వ్యాధి వచ్చుచుండెను; చచ్చి చాలసేపై చల్లబడినదానిని ముట్టినవారు క్షేమముగా నుండిరి. ముట్టుటయే కారణమైనచో రెండును సమానముగా చంపవలెను గదా. ఎలుక చల్లబడిన పిమ్మట దానిని విడిచిపోవునది యేదో యొకటి యుండవలెనని ఆయన యూహించెను. రెండవది, కొందరు రోగుల చర్మముపై, ముఖ్యముగా కాళ్లమీద, జ్వరము రాకమునుపే గుండుసూది తలయంత నీటిబొబ్బ యొకటి లేచుచుండెను. ఆ బొబ్బలోని నీటిని సూక్ష్మదర్శినిలో చూడగా ప్లేగు జీవులు కనబడెను. కాలిమీద బొబ్బ యున్నచో గజ్జలలో గడ్డ కట్టుచుండెను; చేతిమీద నున్నచో చంకలో కట్టుచుండెను. అనగా వ్యాధి శరీరములో ప్రవేశించిన ద్వారమే ఆ బొబ్బ. అంత చిన్న ద్వారమును తెరవగలది పురుగు కాటు తప్ప మరియొకటి లేదని ఆయన నిశ్చయించెను.

ఏ పురుగు? ఎలుకల బొచ్చులో నుండెడి, రెక్కలు లేని, నువ్వుగింజకంటె చిన్నదైన దుమికెడి పురుగు మీద ఆయన దృష్టి నిలిచెను. దీనిని నిఘంటువులలో మిణ్ణల్లి యందురు. నల్లివలె రక్తము త్రాగును, మిడతవలె దుముకును. ప్రక్కలనుండి నొక్కినట్లు పలుచనైన శరీరమగుటచే బొచ్చులో చేపవలె జారిపోవును. పెద్దపురుగు మాత్రమే జంతువుపై బ్రతుకును. గ్రుడ్లు నేలపై రాలి, వానినుండి పుట్టిన పిల్లలు కలుగుల దుమ్ములోను, ధాన్యపు పొట్టులోను పెరుగును. లోకములోని మిణ్ణల్లులలో రెండువేలకు పైగా జాతులు గలవు. వానిలో ప్రతిదానికి తనకు తగిన ఆశ్రయ మున్నది. పాడుగుళ్ల చీకటి కప్పులకు వ్రేలాడు గబ్బిలములకు వాని మిణ్ణల్లులు వేరు. ఆ గబ్బిలముల యొడలిపైనే ప్రాకుచు రక్తము త్రాగు రెక్కలులేని యీగల జాతియు వేరుగా కలదు. కుక్కపైని పురుగు, పిల్లిపైని పురుగు, ఎలుకపైని పురుగు ఒకదానివలె నొకటి కనబడినను ఒకటి గావు. అవి బ్రతికియున్న వెచ్చని శరీరమును కోరును. ఆశ్రయమిచ్చిన జంతువు చచ్చి చల్లబడినంతనే దానిని విడిచి, ఆకలితో మరియొక వెచ్చని శరీరమును వెదకుకొనును. తమకు తగిన జంతువు దొరకనిచో కొన్ని జాతులు దొరికినదానినే కరచును. ఎలుకలన్నియు చచ్చిన యింట వానికి దొరకునది మనుష్యుడే.

ఈ యూహను రుజువు చేయుటకు సిమొండ్ 1898లో కరాచీలో ఒక పరీక్ష చేసెను. ఆయన బసచేసిన హోటలులో, కొద్దిపాటి సామగ్రితో జరిగిన పరీక్ష యది. పెద్ద గాజు జాడీ యడుగున ఇసుక పోసి, ప్లేగు రోగి యింట దొరికిన జబ్బు ఎలుకను దానిలో నుంచెను. పురుగులు తగినన్ని యుండవలెనని ఒక పిల్లి మీదినుండి మిణ్ణల్లులను పట్టి తెచ్చి అందులో విడిచెను. జాడీ మూతిని పలుచని గుడ్డతో కప్పెను. ఒక దినము గడచి ఎలుక అవసానదశకు వచ్చినప్పుడు, ఆరోగ్యముగల మరియొక యెలుకను చిన్న ఇనుపతీగ బోనులో నుంచి, ఆ బోనును జాడీలో ఇసుకకు పైగా వ్రేలాడదీసెను. రెండెలుకలును ఒకదాని నొకటి ముట్టుటకు వీలులేదు. తీగల సందులనుండి మిణ్ణల్లి మాత్రము దుమికి పోగలదు. మరుసటి యుదయమున జబ్బు ఎలుక చచ్చెను. పురుగులు దానిని విడుచుటకై మరియొక దినము అట్లే యుంచి, పిమ్మట కళేబరమును తీసి పరీక్షింపగా, ప్లేగు జీవులు నిండియుండెను. పైనున్న యెలుక అయిదవనాడు కదలుటకు కష్టపడెను; ఆరవనాటి సాయంకాలమునకు మరణించెను. దాని గజ్జలలోను, చంకలలోను గడ్డలు కట్టియుండెను. లోపలి యంగములలో ప్లేగు జీవులు కోకొల్లలుగ నుండెను. మిణ్ణల్లులు లేని జబ్బు ఎలుకను మంచి ఎలుకతో కలిపి యుంచినప్పుడు మంచి ఎలుకకు వ్యాధి రాలేదు. అది 1898 జూన్ 2వ తేదీ. అనాదిగా మానవజాతిని వేధించిన రహస్యము తన చేత చిక్కినదని ఆనా డాయన హృదయము పొంగెను. అప్పటి కాయనకు నలువది సంవత్సరములు నిండలేదు.

తాను చూచినదానిని, చేసినదానిని సమగ్రముగ వ్రాసి 1898 అక్టోబరులో పాశ్చరు సంస్థవారి శాస్త్రపత్రికలో ప్రకటించెను. దానికి పూర్వము, 1897లో, జపాను వైద్యుడు ఒగాటా కూడ ఫార్మోసా దీవిలో మిణ్ణల్లులను శంకించి యుండెను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొని యుండెను. పురుగులు వ్యాధులను మోయునను మాట అప్పటికి పూర్తిగా క్రొత్తదేమియు గాదు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను. సిమొండ్ మాటను మాత్రము పెద్దలు తోసిపుచ్చిరి. భారత ప్రభుత్వము 1898లో నియమించిన ప్లేగు కమిషనువారు ఈ సిద్ధాంతమును అంగీకరింపలేదు. ఇతర దేశముల పరీక్షకులు కొందరు ఆ పరీక్షను మరల చేయబోయి ఫలము పొందక, మిణ్ణల్లి నిరపరాధి యని తీర్పు చెప్పిరి.

వారు విఫలులగుటకు కారణము వారి పరీక్షలోనే యుండెను. ఐరోపా ఎలుకలపై నుండు మిణ్ణల్లి వేరు. భారతదేశపు ఎలుకలపై నుండునది వేరు. మొదటిది మనుష్యుని కరచుట అరుదు. రెండవది ఆకలిగొన్నప్పుడు మనుష్యుని విడువదు. ఒక జాతిని పరీక్షించి మరియొక జాతిపై తీర్పు చెప్పిరి. కుక్కపురుగును, గబ్బిలపు పురుగును, ఎలుక పురుగును ఒక్కటిగా జమకట్టినచో లెక్క తప్పకతప్పదు. ఈ భేదమును తేటపరచినవాడు ఇంగ్లండు దేశపు ధనికుడు చార్లెస్ రాత్‌చైల్డ్. ఆయన మిణ్ణల్లులను సేకరించుటయే వ్యసనముగా గలవాడు. తూర్పుదేశముల ఎలుక మిణ్ణల్లిని ప్రత్యేకజాతిగా వర్ణించి, పిరమిడ్డు కట్టించిన ఈజిప్టు రాజు పేరు కలిసివచ్చునట్లు 1903లో దానికి కియోపిస్ అని నామకరణము చేసెను. వినోదమునకు చేసిన యా సేకరణ ప్లేగు శాస్త్రమునకు తాళపుచెవి యయ్యెను.

పండితులు వాదించుచుండగా వ్యాధి నిలువలేదు. 1898లోనే హుబ్బళ్లి, ధార్వాడ ప్రాంతములందును, బెంగుళూరునందును ప్లేగు ప్రబలెను. హుబ్బళ్లినుండి గదగు, హొసపేటల మీదుగ బళ్లారికిని, గుంతకల్లుకును వచ్చు రైలుమార్గము ధాన్యపు బస్తాలను, ప్రత్తి బేళ్లను, వానిలో దాగిన యెలుకలను, మిణ్ణల్లులను మోసికొని వచ్చెను. నాడు రాయదుర్గము తాలూకాయు, దానిలోని కణేకల్ ప్రాంతమును బళ్లారి మండలములోనివి. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడే అవి అనంతపురము మండలమున చేరెను. జొన్నలను భూమిలోని పాతరలలో దాచి, కరవు సంవత్సరమునకు నిలువజేసికొను సీమ యిది. పాతర యున్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోట దాని పురుగుండును. పైగా కరవువలన బలము తగ్గినవారి యిండ్లపై వ్యాధి వచ్చిపడెను. 1911 ప్రాంతమున హైదరాబాదు నగరము కూడ ప్లేగుచే తల్లడిల్లెను. దేశమంతట ఒక్క 1907వ సంవత్సరమునందే పదిలక్షలకు మించిన జనులు ఈ వ్యాధిచే మరణించిరి. 1896 మొదలు ప్లేగు తగ్గుముఖము పట్టువరకు భారతదేశమున పోయిన ప్రాణములు కోటికి పైబడినవి.

ఎట్టకేలకు సత్యము గెలిచెను. బొంబాయిలో పనిచేయుచుండిన గ్లెన్ లిస్టన్ అను వైద్యుడు సిమొండ్ మార్గమునే నడచెను. ఎలుకలు చచ్చిన యిండ్లలో గినీపందులనెడి చిన్న జంతువులను విడిచి, వాని శరీరములపై ఎలుక మిణ్ణల్లులు చేరుటను చూపెను. ఎలుకలు చచ్చిన యొక పెద్ద యింటిలోని మనుష్యుల మీదను ఆ పురుగులే దొరకెను. ఆయన 1905లో తన ఫలితములను ప్రకటించెను. అదే సంవత్సరమున ఇంగ్లండునుండి వచ్చిన పరిశోధకులతో బొంబాయి పరేలులో నూతన ప్లేగు పరిశోధన సంఘ మేర్పడెను. వారు రోగము సోకిన యిండ్లలో గినీపందులను బోనులలో నుంచిరి. నేలకు 2 అంగుళముల యెత్తున నుంచిన బోనులోని జంతువులకు ప్లేగు వచ్చెను; 2 అడుగుల యెత్తున నుంచినవానికి రాలేదు. మిణ్ణల్లి దుముకగల యెత్తు సుమారు 4 అంగుళములు మాత్రమే. బోను చుట్టును జిగురుకాగితము పరచినప్పుడు పురుగులు దానికే యంటుకొని, లోపలి జంతువు బ్రదికెను. దోషము గాలిదైనచో రెండడుగుల యెత్తు అడ్డు వచ్చునా? జిగురుకాగితము ఆపునా? 1906 మొదలు వెలువడిన వారి నివేదికలతో సిమొండ్ సిద్ధాంతము సందేహమునకు తావులేక స్థిరపడెను.

మిణ్ణల్లి వ్యాధి నెట్లు ఎక్కించునో 1914లో బేకట్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు తేల్చిరి. జబ్బు ఎలుక రక్తముతో లోపలికి పోయిన జీవులు పురుగు కడుపు మొదట పెరిగి, గొంతునకు బిరడావలె అడ్డుపడును. త్రాగిన రక్తము కడుపులోనికి దిగదు. ఆకలి తీరని పురుగు మరల మరల కరచును. కరచినప్పుడెల్ల రక్తము వెనుకకు వచ్చి జీవులను గాయములోనికి నెట్టును. పాపము, ఆ పురుగునకు గూడ ప్లేగు మృత్యువే. తీవ్రమైన యెండ, పొడిగాలి మిణ్ణల్లులకు గిట్టవు. అందుచేతనే దక్కను మెట్టసీమలో చలికాలమున ప్రబలిన వ్యాధి ఎండలు ముదిరినకొలది తగ్గుచుండెను. పల్లెవారు ఎలుక పడినంతనే ఇల్లు విడుచుట పిరికితనము గాదు, వెఱ్ఱినమ్మకము గాదు. అది సరియైన వైద్యమే. అయితే పరుపులును, ధాన్యపు మూటలును వెంట తీసికొనిపోయినవారు పురుగులను కూడ గుడిసెలకు కొనిపోయిరి. కారణము తెలియని యాచారము సగము రక్షించును. కారణము తెలిసిన యాచారము పూర్తిగ రక్షించును.

సిమొండ్ తన మాట చెల్లనినాడు వాదములలో కాలము గడపలేదు. భారతదేశమును విడిచి సైగాను నగరమునకు పోయి, అచ్చటి పాశ్చరు సంస్థను నిర్వహించెను. 1901లో మార్షూ మొదలగువారితో బ్రెజిలు దేశమునకు పోయి, ఒకనాడు తన్ను పీడించిన పసుపుజ్వరమునే పరిశోధించెను. దానిని మోయు దోమను గూర్చి విలువగల సంగతులు వెలువరించెను. పిదప మార్టినీక్ దీవిలోను, కాన్‌స్టాంటినోపుల్ నగరమునను పనిచేసెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇండోచైనాలో ఆరోగ్యశాఖ బాధ్యత వహించి, 1917లో విరమించి ఫ్రాన్సులోని వలాన్స్ పట్టణమున స్థిరపడెను. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. తన సిద్ధాంతము లోకమంతటను పాఠ్యగ్రంథములలో చేరుటను మాత్రము కన్నులార చూచి, 1947 మార్చి 3వ తేదీన, ఎనుబదియెనిమిదవ యేట కన్నుమూసెను.

ఆయన గతించిన మరుసటి సంవత్సరమున, 1948లో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలనుండి ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. ఆ పరిశోధనలను నడపినవాడు భీమవరమున జన్మించిన తెలుగుబిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు జాతికి చెందిన టెట్రాసైక్లినులును, స్ట్రెప్టోమైసిన్‌ను ప్లేగును లొంగదీసినవి. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము పుట్టినప్పుడు జనులు వాడిన మందు టెట్రాసైక్లినే. వేళకు మందు దొరికినచో నేడు ఈ వ్యాధి నయమగును. అయినను ప్లేగు లోకమునుండి పూర్తిగ పోలేదు. కొన్ని దేశముల యడవి యెలుకలలోను, వాని మిణ్ణల్లులలోను నేటికిని నిలిచియున్నది. ఒకేచోట అనేకములైన యెలుకలు అకారణముగ చచ్చుట కనబడినచో వానిని చేతితో ముట్టక, ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను. ఎలుకలను చంపుటకు పూనుకొనువారు ముందుగ వాని పురుగులను చంపు మందు చల్లవలెను. లేనిచో ఆశ్రయము పోయిన పురుగులు మనుష్యుని మీదికి దుముకును. ఈ నియమములన్నియు కరాచీలోని ఆ గాజు జాడీనుండి వచ్చినవే.

సిమొండ్ చరిత్రలో గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పాఠకుడును ఆలోచింపదగిన సంగతి యొకటి గలదు. ప్లేగు రహస్యము 1898 అక్టోబరునాటికి అచ్చయి, గొప్ప గొప్ప గ్రంథాలయముల బీరువాలలో చేరియుండెను. దాచబడిన విషయము గాదు. ఎవ్వరైనను తెరచి చదువదగినదే. చదువవలసినవారిలో పలువురు చదువలేదు. చదివినవారిలో పలువురు తమ పూర్వాభిప్రాయమును విడువలేదు. ఆ పుటలు బీరువాలో నున్నన్నాళ్లును, మిణ్ణల్లి పల్లెపల్లెకును పోయి తన పని తాను చేసికొనెను. పుస్తకము వ్రాసినవాని ఋణము అచ్చుతో తీరును. చదువువాని ఋణము చదివి, విచారించి, ఆచరించినప్పుడే తీరును. ఎలుక పడినదని విని చేలలోనికి పరుగెత్తిన పెద్దల సంతతివారు నేడు ఎలుక చచ్చిన యింట నిర్భయముగ దీపము పెట్టుకొనుచున్నారనిన, దానికి మూలమైన మహనీయులలో పాల్ లూయీ సిమొండ్ ప్రథమగణ్యుడు. ఆయన పేరు కరాచీలోను, పారిసులోను మాత్రమే గాక, ఎలుకలు పడి ఊళ్లు విడిచిన ప్రతి గ్రామమునందును కృతజ్ఞతతో తలపదగినది.